జలసాధకుడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య

వాన కురియకపోయిన కరువు; మితిమీరి కురిసిన వరద. ఈ రెంటి నడుమ జీవయాత్ర సాగించుట మన దేశపు రైతునకు తరతరాలుగా అలవాటైన విద్య. వచ్చిన నీటిని నిలుపుకొన్నవాడే రాని యేట బ్రదుకగలడని మన పూర్వులెరిగి ఊరూర చెరువులు త్రవ్వించిరి. ఆ పాతవిద్యకు నవీన గణితశాస్త్రమును, యంత్రశాస్త్రమును జోడించి, పట్టణములకు త్రాగునీటిని, పొలములకు సాగునీటిని, నదీతీరవాసులకు వరదభయము నుండి రక్షణను సమకూర్చిన మహాశిల్పి మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. వంతెనలు, ఆనకట్టలు, కర్మాగారములు అనగానే ఆయన పేరు జ్ఞప్తికి వచ్చును. కాని ఆయన జీవితమంతటిని ఒక్క దారమువలె అల్లుకొనియున్నది నీటి సమస్యయే.

విశ్వేశ్వరయ్యగారు 1861వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన మైసూరు సంస్థానమందలి ముద్దేనహళ్ళి గ్రామమున జన్మించిరి. ఆ గ్రామము నంది కొండల చేరువ, చిక్కబళ్ళాపురమునకు సమీపముననున్నది. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు, తల్లి వెంకటలక్ష్మమ్మగారు. వీరిది తెలుగు కుటుంబము. పూర్వికులు గిద్దలూరు ప్రాంతమందలి మోక్షగుండము అను గ్రామమునుండి కన్నడదేశమునకు తరలిపోయిరి. ఊరు విడిచినను ఊరిపేరును విడువలేదు. ఆ విధముగా ఒక చిన్న తెలుగు పల్లె పేరు దేశమంతట ప్రసిద్ధికెక్కినది.

ఇంటిలో విద్యకు కొదువలేదుగాని ధనమునకు కొదువ. బాల్యముననే తండ్రి గతించుటతో సంసారభారము తల్లిపై పడెను. చిక్కబళ్ళాపురమున ప్రాథమిక విద్య ముగించుకొని, విశ్వేశ్వరయ్యగారు బెంగుళూరు చేరి మేనమామ అండన చదువుకొనిరి. సంపన్నుల పిల్లలకు పాఠములు చెప్పి, ఆ వచ్చిన కొలది పైకముతో సెంట్రల్ కళాశాలలో చదువు సాగించి 1881లో బి.ఏ. పట్టము పొందిరి. మైసూరు ప్రభుత్వము వారి ప్రతిభను గుర్తించి విద్యార్థివేతనమొసగగా పూనా నగరమున ఇంజనీరింగు విద్య నభ్యసించి, 1883లో బొంబాయి రాజధానిలో ప్రథములుగా ఉత్తీర్ణులైరి. మరుసటి సంవత్సరమే బొంబాయి ప్రభుత్వపు పబ్లిక్ వర్క్సు శాఖలో సహాయ ఇంజనీరు పదవి లభించెను.

ఉద్యోగమున ప్రవేశించిన కొలది కాలమునకే నీటి కాఠిన్యము వారికి అనుభవమునకు వచ్చెను. ఖాందేశ్ మండలమున పాంజ్రా నదికి అడ్డముగా గొట్టముల ద్వారా నీటిని దాటించు పని వారికప్పగింపబడెను. వర్షకాలము ప్రవేశించి, నది పొంగి, చేసిన పనినంతయు ఇసుక కప్పివేయుచుండెను. వానలు వెనుకపట్టినపిమ్మట పని సాగించుట మేలని యువకుడైన ఇంజనీరు పైవారికి వ్రాసెను. ఆ అభిప్రాయము అవిధేయతగా తోచి పైయధికారి మందలించెను. విశ్వేశ్వరయ్యగారు మారుపలుకక, వరదలను లెక్కచేయక, తానే దగ్గరనుండి ఆ పనిని పూర్తిచేయించిరి. పిదప ఆ యధికారియే వారిని మెచ్చుకొనెను. ఏ నది ఎప్పుడు ఎట్లు ప్రవర్తించునో కార్యాలయమునందు కూర్చుండి తెలిసికొనజాలమనియు, గట్టుమీద నిలిచి చూచినవాడే ఎరుగుననియు ఆ తొలి పాఠము వారికి నేర్పినది.

1890 తరువాతి దశకమున సింధుదేశమందలి సుక్కూరు పట్టణమునకు మంచినీటిని సమకూర్చు పని వారికి సంక్రమించెను. సింధునది ఆ పట్టణమును ఒరసికొనియే పారుచున్నది. నీటికి లోటు లేదు. కాని ఆ నీరు బురదమయము. నీటిని వడగట్టు తొట్లు నిర్మింతమన్న పురపాలక సంఘమునకు తగిన ధనము లేదు. విశ్వేశ్వరయ్యగారు నదినే వడపోత యంత్రముగా మార్చిరి. ఒడ్డునకు చేరువగా నదీగర్భమున బావి త్రవ్వించి, నది క్రిందుగా సొరంగము పోనిచ్చి, ఇసుక పొరలగుండ ఊరి వచ్చు తేటనీటిని అందులోనికి రప్పించిరి. ఆ నీటిని యంత్రములచే ఎత్తునకు తోడి పట్టణమునకు పంచిరి. మన పల్లెలలో స్త్రీలు ఏటి ఇసుకలో చెలమ త్రవ్వి తేటనీరు తోడుకొనుట ఎల్లరు ఎరిగినదే. ఆ చెలమలోనున్న సూత్రమే సుక్కూరు పట్టణపు దాహము తీర్చినది.

పిమ్మట సూరతు, పూనా మొదలగు నగరముల నీటి సరఫరా, మురుగుకాలువల పనులు వారి చేతిమీదుగా సాగెను. పూనాకు సమీపమందలి ఖడక్‌వాస్లా జలాశయము వద్ద వారికి క్రొత్త సమస్య ఎదురయ్యెను. వర్షకాలమున నీరు అలుగుపై పొర్లిపోయి వృథాయగుచుండెను, వేసవిలో చాలకుండెను. కట్టను పెంచుదమన్న పాతకట్ట ఆ బరువునకు ఆగునో లేదో అన్న శంక. అలుగుపై ఇనుప తలుపులు బిగించినచో నీరు ఎక్కువగా నిలుచును. కాని అర్ధరాత్రి వరద వచ్చినప్పుడు ఆ తలుపులెత్తువారెవరు? ఎత్తుట ఆలస్యమైన కట్టయే తెగిపోవును. ఈ చిక్కును తీర్చుటకై విశ్వేశ్వరయ్యగారు వరద మట్టము హద్దుమీరగనే తమంతట తామే లేచి, నీరు తగ్గగనే తమంతట తామే మూసికొను తలుపులను కల్పించిరి. 1903లో వానిని ఖడక్‌వాస్లా వద్ద అమర్చిరి. వానివలన జలాశయమున సుమారు 8 అడుగుల నీరు అదనముగా నిలిచినది. కట్టను ఒక్క రాయి ఎత్తు పెంచకయే నిలువ వృద్ధియైనది. ఆ తలుపులపై వారికి పేటెంటు హక్కు లభించినను, తాను ప్రభుత్వోద్యోగిగానుండి చేసినపనికి వేరుగా ప్రతిఫలము గైకొనుట ధర్మము కాదని ఆ సొమ్మును నిరాకరించిరి.

నీటిని నిలుపుట ఒక యెత్తు. నిలిపిన నీటిని పంచుట మరియొక యెత్తు. దక్కను కాలువల క్రింద మొదటి రైతు చెఱకు వేసి మోకాలిలోతు నీరు పెట్టుకొనుచుండ, చివరి రైతు చేను ఎండిపోవుచుండెను. కాలువ మొదటనున్న భూములు నీరు మీరి చవుడెక్కుచుండెను. దీనికి ప్రతిక్రియగా విశ్వేశ్వరయ్యగారు భూములను ఖండములుగా విభజించు పద్ధతిని సూచించిరి. ప్రతి ఖండమునందు ఒక భాగమున మాత్రమే చెఱకువంటి అధిక జలము కోరు పైరును వేసి, తక్కిన భాగములలో తక్కువ నీటితో పండు పైర్లను వేయవలెను. వానిని ఏటేట మార్చుచుండవలెను. తమ స్వేచ్ఛకు భంగము కలుగునని రైతులు మొదట సందేహించిరి. విశ్వేశ్వరయ్యగారు వారిని సమావేశపరచి ఓపికతో వివరించి ఒప్పించిరి. అదే నీటితో ఎక్కువ ఊళ్ళకు మేలు కలుగుట ఆ పద్ధతియొక్క సారము.

1906లో వారు ఏడెన్ రేవుపట్టణమునకు పంపబడిరి. ఎర్రసముద్రపు ద్వారమున బోడికొండల నడుమనున్న ఆ పట్టణమున వాన అరుదు. సముద్రపునీటిని కాచి ఆవిరిపట్టి త్రాగవలసిన దుస్థితి. పట్టణములోనే నీరు వెదకుటలో ఫలము లేదని గ్రహించి, వారు ఉత్తరమున లహేజు ప్రాంతపు ఎండిన నదీగర్భమును పరిశీలించి, అచ్చటి ఇసుకక్రింద బావులు దింపి నీరు తెచ్చుటకు, పట్టణమున మురుగు పోవుటకు పథకములు రచించి యిచ్చిరి. పట్టణము సరిహద్దులతోనే దాని నీటి లెక్క ముగియదు; ఎక్కడ వాన కురియునో, ఆ వాన ఏ దారిని పారునో అంతవరకును ఆ పట్టణపు బాధ్యత వ్యాపించును. ఈ భావమే తరువాత హైదరాబాదున వారి మహాకార్యమునకు పునాదియైనది.

1908లో విశ్వేశ్వరయ్యగారు బొంబాయి కొలువునుండి విరమించుకొని విదేశయాత్రకు బయలుదేరిరి. ఆ సంవత్సరమే సెప్టెంబరు 28వ తేదీన హైదరాబాదు నగరముపై ఘోరవిపత్తు వచ్చిపడెను. అనంతగిరి కొండలలో పుట్టి నగరము నడిబొడ్డున పారు మూసీనది సాధారణముగా చిన్న యేరు. ఆ దినములలో ఎగువ ప్రాంతమున కుండపోతగా వాన కురిసెను. శంషాబాదు వద్ద 24 గంటలలో దాదాపు 13 అంగుళముల వర్షము పడెను. రాత్రి చీకటిలో నీరు పెరిగి, తెల్లవారునప్పటికి నది నగరములోనికి చొరబడెను. అఫ్జలు వంతెన, ముసల్లం జంగు వంతెన, చాదరుఘాటు వంతెన వరదపాలయ్యెను. 1578లో కట్టిన పురానాపూలు మాత్రము నిలిచెను. ఇండ్లు వేలకు వేలు కూలెను. సుమారు 15,000 మంది మృతినొందిరని అంచనా. అఫ్జలుగంజు ఉద్యానమందలి ఒక చింతచెట్టునెక్కి నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరని చెప్పుదురు. ఆ చెట్టు నేటికిని ఉస్మానియా ఆసుపత్రి ఆవరణమున నిలిచి, ఆ కాళరాత్రికి సాక్ష్యమిచ్చుచున్నది.

ఆరవ నిజాము మీరు మహబూబు అలీఖానుగారి ప్రభుత్వము విదేశయాత్రలోనున్న విశ్వేశ్వరయ్యగారిని ఆహ్వానించెను. 1909 ఏప్రిల్‌లో వారు హైదరాబాదు చేరిరి. అందరును నది నగరమున చేసిన విధ్వంసమును చూచుచుండగా, వారు నగరమునకు ఎగువనున్న పల్లెలవైపు చూచిరి. వర్షపు కొలతలు సేకరించిరి. ఇతర దేశములలోని భారీవర్షముల లెక్కలతో సరిపోల్చిరి. ఏ గోడమీద నీటిచార ఎంత ఎత్తునకు వచ్చినదో కొలిపించిరి. ఉధృతి పరాకాష్ఠనందుకొన్నప్పుడు సెకండునకు సుమారు 4,25,000 ఘనపుటడుగుల నీరు నగరము గుండ పారినట్లు లెక్కకట్టిరి.

ఈ పరిశోధనలో బయల్పడిన విషయము గ్రామవాసులెల్లరు గుర్తుంచుకొనదగినది. నగరమునకు ఎగువ మూసీ పరీవాహక ప్రాంతమున సుమారు 800 చెరువులుండెను. అనగా దాదాపు చదరపుమైలునకు ఒక చెరువు. అవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి అలుగుపారిన నీరు క్రింది చెరువునకు చేరును. ఆ దినమున ఆ చెరువులలో 200లకు పైబడి తెగిపోయెను. పై చెరువు తెగగనే ఆ నీటితాకిడికి క్రింది చెరువు, దానితో దాని క్రిందిది, ఇట్లు ఒకదానివెంట ఒకటి గండ్లుపడి, వాననీటికి చెరువుల నీరు తోడై నగరముమీదికి దూకెను. కట్ట బలముగాను, అలుగు విశాలముగాను ఉన్నంతవరకు గొలుసుకట్టు చెరువులు వరదను ఆపు సైనికులు. కట్ట బలహీనమై, అలుగు ఇరుకైనచో ఆ సైనికులే శత్రువులగుదురు. ఒక ఊరి చెరువును ఆ ఊరివారు పట్టించుకొనకపోయినచో దాని ఫలము దిగువ నున్న వారనుభవింపవలసివచ్చును.

1909 అక్టోబరు 1వ తేదీన విశ్వేశ్వరయ్యగారు తమ నివేదికను సమర్పించిరి. నగరములో గోడలు కట్టినంతమాత్రమున వరద ఆగదు. వరదను నగరమునకు రాకముందే ఆపవలెనన్నది దాని సారాంశము. మూసీనదిపై ఒకటి, దాని ఉపనదియైన ఈసీపై ఒకటి, నగరమునకు ఎగువ రెండు జలాశయములు నిర్మింపవలెనని వారు సూచించిరి. వరద వచ్చినప్పుడు అవి నీటిని తమలో నిలుపుకొని, నది భరింపగలిగినంత మేరకు మెల్లమెల్లగా దిగువకు వదలును. నగరములో నదికి ఇరుప్రక్కల గట్లను పటిష్ఠముచేసి, వానివెంట బాటలు, ఉద్యానములు ఏర్పరుపవలెననియు, మురుగునీరు నదిలో కలియకుండ వేరుగా కాలువలు వేయవలెననియు కూడ ప్రతిపాదించిరి.

ఈ పథకమున గొప్ప సౌలభ్యమొకటి కలదు. అంతవరకు హైదరాబాదు వాసులు హుస్సేనుసాగరము, మీరాలం చెరువు, ఇంటింటి బావులపై ఆధారపడియుండిరి. వరద నాపుటకు కట్టిన జలాశయమందలి నీరే నగరపు దాహమును తీర్చగలదు. ముంచివేసిన నీరే త్రాగునీరగును. అయితే ఇందు ఒక సూక్ష్మమును మరువరాదు. త్రాగునీటికొరకు జలాశయము నిండుగానుండవలెను. వరద నాపుటకు కొంత ఖాళీగానుండవలెను. ఈ రెంటిని సమన్వయించుటకు వాన రాకను, నీటి మట్టమును ఎల్లప్పుడు గమనించుచుండవలెను. జలాశయము కట్టుటతో పని ముగియదు. కాపుకాయుట ఎన్నటికి ముగియదు.

1911లో సింహాసనమునధిష్ఠించిన ఏడవ నిజాము మీరు ఉస్మాను అలీఖానుగారి కాలమున ఈ పథకము కార్యరూపము దాల్చెను. గండిపేట వద్ద మూసీపై నిర్మింపబడిన ఉస్మాన్‌సాగరము 1920లో పూర్తియయ్యెను. దానిలో సుమారు 390 కోట్ల ఘనపుటడుగుల నీరు నిలుచును. ఈసీపై నిర్మించిన హిమాయత్‌సాగరము 1927లో పూర్తియయ్యెను; దాని నిలువ సుమారు 300 కోట్ల ఘనపుటడుగులు. ఈ నిర్మాణములను నడిపినవారు హైదరాబాదు రాజ్యపు ఇంజనీర్లు. ఉస్మాన్‌సాగరపు నీరు ఏ యంత్రపు సాయమును లేకుండ, నేల వాలునుబట్టి తానే కాలువవెంట పారివచ్చి ఆసిఫ్‌నగరము నందలి వడపోత తొట్లకు చేరును. గండిపేట నీరు త్రాగినవాడు హైదరాబాదును విడువలేడను నానుడి పుట్టుటకు కారణము ఆ నీటి రుచియే.

హైదరాబాదు పని ముగించి 1909 చివర విశ్వేశ్వరయ్యగారు మైసూరు సంస్థానపు ప్రధాన ఇంజనీరుగా నియమితులైరి. అచ్చట కావేరీనదిపై కన్నంబాడి వద్ద ఆనకట్ట నిర్మాణమునకు పూనుకొనిరి. వేసవిలో కావేరి సన్నగిల్లగనే శివసముద్రపు విద్యుత్కేంద్రము కుంటుపడుచుండెను. మండ్య ప్రాంతపు రైతులు వానకు మొగముచాచి చూచుచుండిరి. ఆనకట్టకు ఆనాటి అంచనా వ్యయము 253 లక్షల రూపాయలు. అంత ధనమును నీటిలో పోయుట తగునాయని కొందరు సంశయించిరి. మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడయరుగారు ఆలోచించి అనుమతినొసగగా 1911లో పని ఆరంభమయ్యెను. అదే తావున ఆనకట్ట కట్టదలచి పునాది వేయించినట్లు తెలుపు టిప్పుసుల్తాను కాలపు పారసీక శాసనము అప్పుడు బయల్పడుట విశేషము.

దిగువనున్న మదరాసు ప్రభుత్వము తంజావూరు రైతులకు నీరు తగ్గునని అభ్యంతరము చెప్పెను. ముందుగా తక్కువ ఎత్తునకు మాత్రమే అనుమతి లభించినను, విశ్వేశ్వరయ్యగారు భవిష్యత్తు నాలోచించి పూర్తి ఎత్తునకు తగిన పునాదినే వేయించిరి. వివాదము మధ్యవర్తి వరకు పోయి, కడకు 1924 ఒడంబడికతో ఒక కొలిక్కి వచ్చెను. సిమెంటునకు బదులు ఇటుకపొడి, సున్నము కలిపిన సుర్కీతో కట్టిన ఆ కృష్ణరాజసాగరము 1930 ప్రాంతమున పూర్తియయ్యెను. సుమారు 49 టి.ఎం.సి.ల నీరు నిలుపు ఆ జలాశయము మండ్య సీమను సస్యశ్యామలము గావించెను. కాని ఆ నీటి క్రింద పాత కన్నంబాడి గ్రామము, వేణుగోపాలస్వామి ఆలయము, మరికొన్ని పల్లెలు మునిగిపోయెను. ఒకచోట పంట పండవలెనన్న వేరొకచోట ఇల్లు విడువవలసివచ్చుట నీటి పథకములందలి కఠినసత్యము. కావేరి పంపకమును గురించిన కలహము సైతము ఆ ఒడంబడికతో సమసిపోలేదు. ఎంత గొప్ప ఇంజనీరైనను నదిని కొలువగలడుగాని, నదికి ఇరువైపులనున్న జనుల మనస్సులను ఒక్క లెక్కతో సరిపుచ్చలేడు.

1912 నుండి 1918 వరకు విశ్వేశ్వరయ్యగారు మైసూరు దివానుగానుండిరి. 1913లో మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయము వారి హయాములో వెలసినవే. భద్రావతి ఇనుప కర్మాగారమునకు బీజము పడినదియు వారి కాలముననే. విద్య కొద్దిమంది సొత్తుగానుండరాదని ప్రజా గ్రంథాలయములను నెలకొల్పించిరి. బెంగుళూరు కబ్బన్ ఉద్యానమందలి శేషాద్రి అయ్యరు స్మారకభవనమున నడచు గ్రంథాలయము వారి కృషి ఫలమే. ఉద్యోగములలో వెనుకబడిన వర్గములవారికి ప్రత్యేక స్థానములు కల్పించు విషయమున మహారాజుతో ఏకాభిప్రాయము కుదురక వారు దివానుపదవిని వదలుకొనిరి. ఆ విషయమున వారి అభిప్రాయమును నాడే పలువురు అంగీకరింపలేదు. తరువాతి కాలము మహారాజు మార్గముననే నడచినది. అభిప్రాయ మెట్టిదైనను, నమ్మినదానికొరకు పదవిని విడుచుట మాత్రము వారి నైజము.

పదవి విడిచినను పని విడువలేదు. 1934లో దేశాభివృద్ధికి ప్రణాళిక ఆవశ్యకమని ప్రతిపాదించుచు గ్రంథము రచించిరి. 1937లో ఒరిస్సాను మహానది వరదలు పీడించుచుండగా ఆ ప్రాంతమును పరిశీలించి, ఎగువన జలాశయములు నిర్మించి వరదను అదుపు చేయుటకు పరిశోధన జరుపవలెనని సూచించిరి. హైదరాబాదున చెప్పిన మాటయే మహానదికిని చెప్పిరి. ఆ నదిపై హీరాకుడ్ ఆనకట్ట 1957లో ప్రారంభమైనది. తొంబదియేండ్లు దాటిన వయస్సున గంగానదిపై వంతెనకు అనువైన తావును నిర్ణయించుటకై బీహారుకు వెడలి, మొకామా ప్రాంతమును సూచించిరి. ఆ వంతెన 1959లో ప్రారంభమయ్యెను. 1955లో భారతప్రభుత్వము వారికి భారతరత్న బిరుదమునొసగెను. నూరేండ్లు నిండిన పిమ్మట 1962 ఏప్రిల్ 14వ తేదీన బెంగుళూరులో వారు పరమపదించిరి. స్వగ్రామమగు ముద్దేనహళ్ళిలో వారి సమాధి కలదు. వారి జన్మదినమును దేశమంతట ఇంజనీర్ల దినముగా జరుపుకొనుచున్నారు.

మహాపురుషుల కార్యములను పొగడుట సులభము, నిలుపుకొనుట కష్టము. విశ్వేశ్వరయ్యగారు సూచించిన జంట జలాశయముల తదనంతర చరిత్ర ఈ సత్యమును చాటుచున్నది. నగరము పెరిగినకొలది ఆ రెండు సాగరముల నీరు చాలకపోయెను. 1965లో మంజీరా నుండి, 1991లో సింగూరు నుండి, 2004లో కృష్ణ నుండి, 2015లో గోదావరి నుండి నీరు తేవలసివచ్చెను. వాలునబడి తానే వచ్చిన గండిపేట నీటికి బదులు, నూరు కిలోమీటర్లకు పైబడిన దూరమునుండి విద్యుచ్ఛక్తితో ఎత్తిపోయు నీరు నగరమునకు ఆధారమయ్యెను. చేరువనున్న చెరువును పోగొట్టుకొన్నవాడు దూరపు నదికి రుణపడుట తప్పదు.

జలాశయమనగా కట్ట, నీరు మాత్రమే కాదు. అందులోనికి నీటిని మోసికొనివచ్చు వాగులు, వంకలు, పొలములు, బీళ్ళు అన్నియు కలిసినదే జలాశయము. ఈ సంగతి గుర్తించి 1996 మార్చిలో ప్రభుత్వము 111వ నెంబరు ఉత్తర్వు గావించి, రెండు సాగరముల చుట్టును 10 కిలోమీటర్ల మేర కాలుష్యము కలిగించు పరిశ్రమలను, భారీ కట్టడములను నిషేధించెను. 84 గ్రామములు ఆ పరిధిలోనికి వచ్చెను. ఆ పరిధిలో ఒక కర్మాగారము నెలకొల్పు విషయమై తగవు పుట్టగా, హాని కలిగినపిమ్మట చింతించుటకన్న హాని కలుగకముందే జాగ్రత్తపడుట న్యాయమను సూత్రమును సుప్రీంకోర్టు 1999, 2000 సంవత్సరములలో వెలువరించిన తీర్పులలో స్థాపించెను. కాని తమ భూములపై తమకు హక్కు లేకపోయెనని ఆ 84 గ్రామములవారు చిరకాలము మొరపెట్టుకొనిరి. వారి బాధయు కల్ల కాదు. 2022 ఏప్రిల్‌లో ఆ నిబంధనలను సడలించుచు ప్రభుత్వము వేరొక ఉత్తర్వు గావించెను. నగరపు దాహము, వరదభయము ఒకవైపు. పల్లెవాసుల జీవనము మరొకవైపు. కన్నంబాడి వద్ద ఎదురైన చిక్కే వేరు రూపమున ఇచ్చటను ఎదురైనది. ఎగువవారు నీటిని కాపాడినచో దిగువవారు వారికి తగిన ప్రత్యుపకారము చేయవలెను గదా! ఆ ఏర్పాటు లేని కట్టుబాటు చిరకాలము నిలువజాలదు.

ఇప్పుడు మరియొక ముప్పు తోడైనది. భూగోళము వేడెక్కుచున్నది. గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో సుమారు 7 శాతము అధికముగా తేమను ఇముడ్చుకొనగలదని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. దానివలన కురిసినప్పుడు కుండపోతగా కురియుట, కురియనప్పుడు దీర్ఘకాలము ఎండగాయుట అధికమగును. 2000 ఆగస్టు 24న హైదరాబాదున ఒక్కనాడే సుమారు 240 మిల్లీమీటర్ల వాన కురిసెను. 2020 అక్టోబరు 13న ఘట్కేసరు ప్రాంతమున 300 మిల్లీమీటర్లకు మించి పడెను. ఆ రెండు పర్యాయములును చెరువు శిఖములలోను, నాలాలపైనను వెలసిన ఇండ్లే మొదట మునిగెను. విశ్వేశ్వరయ్యగారు పాత లెక్కలనుబట్టి భావివరదను ఊహించిరి. ఇకమీద పాతలెక్క ఒక్కటియే చాలదు. మారుచున్న వానను ఏటేట కొలిచి, ఆ కొలతనుబట్టి అలుగులను, కాలువలను సరిచూచుకొనవలసియున్నది.

ఆయన చూపిన మార్గము మాత్రము పాతబడలేదు. నీటిని వచ్చినచోటనే నిలుపుట, నిలిపినదానిని సమముగా పంచుట, మురుగును మంచినీటినుండి వేరుచేయుట, ఎగువ దిగువలను ఒక్క కుటుంబముగా భావించుట అను నాలుగు సూత్రములు మహానగరమునకెంత అవసరమో చిన్న పల్లెకును అంత అవసరము. ఊరి చెరువు పూడిక తీయించుట, అలుగుకు అడ్డు లేకుండ చూచుట, తూము తలుపు సరిచేయుట, చెరువులోనికి వచ్చు వాగును కబ్జా కాకుండ కాచుట ఏ మహా ఇంజనీరు కొరకును ఆగవలసిన పనులు కావు. మూసీ వరదనాడు తెగిన ఆ 200 చెరువులలో ప్రతిదానికిని ఒక ఊరు, ఆ ఊరికి పెద్దలు ఉండియుందురు. వారు తమ కట్టలను పదిలపరచియుండినచో నగరమునకు అంత కీడు వాటిల్లియుండెడిది కాదేమో. తన ఊరి చెరువుకట్టపై నిలిచి, ఈ నీరు ఎక్కడినుండి వచ్చుచున్నది, ఎక్కడికి పోవుచున్నది అని ఒక్కమారు ప్రశ్నించుకొని, ఆ దారిని శుభ్రముగా ఉంచిన ప్రతి గ్రామస్థుడును విశ్వేశ్వరయ్యగారి స్మృతికి తగిన నివాళి యర్పించినవాడగును.